మజ్నూ సరే... మరి లైలా ఏమంటోంది?

మన ఇళ్లల్లో మగపిల్లాడు పుడితే తాతగారి పేరో, ఇలవేల్పు పేరో పెడతారు. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ అనే ఊళ్లో 1979లో ఓ పిల్లాడు పుడితే వాళ్లమ్మా నాన్నా ఒక రాక్ బ్యాండ్ పేరు పెట్టారు. ఎరిక్ క్లాప్టన్ కొన్నాళ్లు మాత్రమే నడిపిన 'డెరెక్ అండ్ ద డామినోస్' అనే బ్యాండ్ ఉండేది. అందులోంచి ఈ పిల్లాడు డెరెక్ అయ్యాడు. వెనకాల పుట్టిన తమ్ముడు డ్యూయేన్. ఆ బ్యాండ్ రికార్డులో గిటార్ వాయించిన డ్యూయేన్ ఆల్‌మన్ పేరే ఇది కూడా. ఇంటిపేరు ట్రక్స్. లారీలతో సంబంధం ఏమీ లేదు లెండి, నిజంగానే ఇంటిపేరు.

ఆ రికార్డు పేరు చెబితే క్లాసిక్ రాక్ వినేవాళ్లు లేచి కూర్చుంటారు. 'లైలా అండ్ అదర్ అసార్టెడ్ లవ్ సాంగ్స్'. అమెరికాలో అది విడుదలైన రోజు 1970 నవంబర్ 9. సరిగ్గా అదే రోజు బోస్టన్‌లో ఒక ఆడపిల్ల పుట్టింది. సూసన్ టెడెస్కీ. ఆ పిల్ల పెద్దయి బ్లూస్ పాడింది, గిటార్ వాయించింది, గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది, 2001లో ఆ డెరెక్‌నే పెళ్లి చేసుకుంది. జాతకాలు కలవడం అంటే ఏంటో ఇప్పటికి అర్థమైంది నాకు.

ఇప్పుడు వీళ్లిద్దరి సంగతి ఎందుకంటే, వీళ్ల 'టెడెస్కీ ట్రక్స్ బ్యాండ్' 2022లో చాలా పెద్ద పని చేసింది. 'ఐ యామ్ ద మూన్' పేరుతో నాలుగు భాగాల ఆల్బమ్. జూన్ 3న మొదటిది వచ్చింది, ఆగస్టు 26న ఆఖరిది. మొత్తం 24 పాటలు, దాదాపు రెండు గంటలు. రీల్స్ కోసం పాటని ముప్ఫై సెకన్లకి కోసేస్తున్న రోజుల్లో ఇంత పెద్దది వదలడానికి ధైర్యం కావాలి. పైగా ఇదొక పాత కథకి జవాబు. ఆ కథ మనకీ బాగా తెలుసు.

లైలా మజ్నూ.

అసలు కథ అరబ్బుల ఎడారిది. దాన్ని పెద్ద కావ్యంగా మలిచినవాడు నిజామీ అనే పర్షియన్ కవి. ఇప్పటి అజర్‌బైజాన్‌లో ఉన్న గంజా ఊరివాడు, రాసింది పన్నెండో శతాబ్దంలో. ఖైస్ అనే కుర్రాడు బళ్లో తనతో చదివే లైలాని ప్రేమిస్తాడు. ఆ ప్రేమని ఊరంతా వినేలా పాడుకుంటూ తిరుగుతాడు. జనం 'మజ్నూన్' అంటారు, అంటే పిచ్చివాడు. ఇలాంటివాడికి పిల్లనివ్వనంటాడు లైలా తండ్రి, వేరేవాడికిచ్చి పెళ్లి చేసేస్తాడు. మజ్నూ ఎడారి పట్టి జంతువులతో తిరుగుతాడు. చివరికి ఇద్దరూ చనిపోతారు.

మన దగ్గర ఈ కథ 1949లోనే సినిమా అయింది. భానుమతి లైలా, అక్కినేని నాగేశ్వరరావు మజ్నూ. 1987లో నాగార్జున 'మజ్ను' అన్నాడు. 2016లో నాని 'మజ్ను' అన్నాడు. 2019లో అఖిల్ 'మిస్టర్ మజ్ను' అన్నాడు. అక్కినేని వంశంలో తాత, కొడుకు, మనవడు ముగ్గురికీ మజ్నూ పేరు దక్కింది. బాగానే ఉంది. కానీ గమనించారా, 1949 తర్వాత ఈ టైటిళ్లన్నిట్లో లైలా పోయింది. మిగిలింది గడ్డం పెంచుకున్న హీరో ఒక్కడే.

క్లాప్టన్ చేసిందీ దాదాపు అదే. అప్పట్లో ఆయన ప్రేమించింది ప్యాటీ బాయ్డ్‌ని. ఆవిడ బీటిల్స్ జార్జ్ హారిసన్ భార్య, హారిసన్ ఈయనకి ప్రాణ స్నేహితుడు. ఆ టైమ్‌లో నిజామీ కథ చేతికొచ్చింది, తనని తాను మజ్నూ అనుకున్నాడు, 'లైలా' పుట్టింది. గొప్ప పాట, అందులో అనుమానం లేదు. కానీ ఆ పాటలో లైలా ఏం చేస్తోందో చూడండి. ఏమీ చేయదు. ఒక మగవాడు ఆమెని పిలుస్తాడు, బతిమాలతాడు. ఆమెకి ఒక్క మాట కూడా లేదు. యాభై ఏళ్లుగా ప్రపంచమంతా ఆ గిటార్ మోతలో ఊగుతోంది కానీ ఆ అమ్మాయి ఏమనుకుందో అడిగినవాళ్లు తక్కువ.

2020 మే నెలలో, లాక్‌డౌన్ మధ్యలో, ఈ బ్యాండ్‌లో పాడే మైక్ మ్యాటిసన్‌కి ఆ ప్రశ్న వచ్చింది. నిజామీ కావ్యాన్ని అందరం చదువుదాం, లైలా వైపు నుంచి కూడా చూద్దాం అని మిగతావాళ్లకి చెప్పాడు. టూర్లు లేవు, బస్సు షెడ్డులో ఉంది, ఎవరిళ్లల్లో వాళ్లున్నారు. చదివారు. తండ్రి ఇంట్లో, ఆ తర్వాత మొగుడి ఇంట్లో, గోడల మధ్య బందీ అయిన అమ్మాయి కథ లాక్‌డౌన్‌లో చదివితే ఎలా తగులుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ పుస్తకం చదివేటప్పటికే ఈ ఇల్లు చాలా దెబ్బలు తినుంది.

డెరెక్ నాన్నకి తోబుట్టువు బుచ్ ట్రక్స్. 'ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్' మొదలైనప్పటి నుంచీ డ్రమ్మర్. డెరెక్ తొమ్మిదేళ్లప్పుడు ఎవరో ఇంటి ముందు పెట్టిన పాత సామాన్ల అమ్మకంలో అయిదు డాలర్లకి గిటార్ కొన్నాడు. పదకొండేళ్లకే డబ్బులు తీసుకుని స్టేజీ మీద వాయించాడు. ఇరవై ఏళ్లకి, 1999లో, ఆ ఆల్‌మన్ బ్రదర్స్‌లోనే చేరాడు. ఒకప్పుడు డ్యూయేన్ ఆల్‌మన్ నిలబడిన చోట. డ్యూయేన్ 1971లో మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు, అప్పటికి 24 ఏళ్లు. అంటే ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవడం ఎంత బరువో డెరెక్‌కి కుర్రతనం నుంచే తెలుసు. 2014 అక్టోబర్‌లో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఆ బ్యాండ్ ఆఖరి కచేరీ వరకు అక్కడే ఉన్నాడు.

ఈలోగా ఇంట్లో ఇంకో లెక్క. డెరెక్‌కి సొంత బ్యాండ్, సూసన్‌కి సొంత బ్యాండ్, ఇద్దరు పిల్లలు. ఒకళ్లు ఊళ్లో ఉంటే ఇంకొకళ్లు రోడ్డు మీద. 2010లో రెండు బ్యాండ్లూ కట్టేసి ఒకటే పెట్టుకున్నారు. పాడేవాళ్లు, ఊదేవాళ్లు, ఇద్దరు డ్రమ్మర్లు కలిసి పన్నెండు మంది దాకా తేలారు. లెక్కలు చూసే ఎవరైనా వద్దంటారు. జీతాలు, హోటళ్లు, భోజనాలు ఊహించుకోండి. పన్నెండు కుటుంబాలు ఒక బస్సు మీద ఆధారపడటం అన్నమాట. అయినా మొదటి ఆల్బమ్ 'రెవిలేటర్'కే బ్లూస్ గ్రామీ వచ్చింది.

తర్వాత 2017. జనవరిలో బుచ్ ట్రక్స్ పోయాడు. మే 1న డెరెక్‌కి చిన్నప్పటి నుంచి దారి చూపిన కర్నల్ బ్రూస్ హ్యాంప్టన్, అట్లాంటాలో తన డెబ్భయ్యో పుట్టినరోజు కచేరీ స్టేజీ మీదే కుప్పకూలి పోయాడు. అదే నెల చివర్లో గ్రెగ్ ఆల్‌మన్. అయిదు నెలల్లో ముగ్గురు పెద్దలు.

కానీ ఈ ఆల్బమ్‌కి అసలు కారణం అనిపించే మనిషి వేరే. కోఫీ బర్‌బ్రిడ్జ్. కీబోర్డు, ఫ్లూటు. డెరెక్ కుర్రాడిగా నడిపిన మొదటి బ్యాండ్ రోజుల నుంచీ, అంటే ఇరవై ఏళ్లు, పక్కనే ఉన్నాడు. తమ్ముడు ఒటీల్ బర్‌బ్రిడ్జ్ ఈ బ్యాండ్‌కి మొదటి బేస్ వాద్యకారుడు. అన్నదమ్ములు, మొగుడూ పెళ్లాం, ఇలా ఉండేది ఆ స్టేజీ. 2017లో కోఫీకి గుండె జబ్బు పట్టుకుంది. కోలుకుని మళ్లీ వాయించాడు. 'సైన్స్' అనే ఆల్బమ్ పూర్తి చేశారు. అది 2019 ఫిబ్రవరి 15న విడుదలైంది. అదే రోజు కోఫీ పోయాడు. 57 ఏళ్లు.

విడుదల రోజు ఫోన్లో అభినందనల మెసేజ్‌లు రావాలి కదా. ఆ రోజు ఆ ఇంట్లో ఫోన్ ఎలా మోగి ఉంటుందో ఊహించలేను.

ఆ ఏడాదే మనుషులు మారారు. కీబోర్డుకి గేబ్ డిక్సన్ వచ్చాడు, బేస్‌కి బ్రాండన్ బూన్. తర్వాత 2021లో రెండో డ్రమ్స్ సెట్టు ముందు ఐజాక్ ఈడీ కూర్చున్నాడు. ఒక బ్యాండ్‌లో కీబోర్డు, బేస్, డ్రమ్స్ మారితే ఏమవుతుందంటే, వంటింట్లో పొయ్యీ గిన్నెలూ ఉప్పు డబ్బా చోటూ అన్నీ ఒకేసారి మార్చినట్టు. వంట చేసేది పాత చెయ్యే అయినా రుచి వేరే వస్తుంది. ఇలాంటప్పుడు చాలా బ్యాండ్లు ఒక తేలిక దారి పట్టుకుంటాయి. కొత్తవాళ్లకి పాత నోట్లు అప్పజెప్పి, పోయినాయన వాయించినట్టే వాయించమంటాయి. టికెట్లు అమ్ముడవుతాయి. అభిమానులూ ఏమీ అనరు.

వీళ్లు కొత్తవాళ్లకి కలం ఇచ్చారు.

ఆల్బమ్‌కి పేరిచ్చిన పాట 'ఐ యామ్ ద మూన్' గేబ్ డిక్సన్‌ది. కొత్తగా వచ్చిన కీబోర్డు మనిషి పాట! అందులో లైలా నోరు విప్పుతుంది. సూసన్, గేబ్ కలిసి పాడతారు. సూసన్ గొంతు సంగతి తెలియనివాళ్లకి: కొంచెం బొంగురు, చివర్లలో పగుళ్లు, కానీ ఎక్కడా అరుపు ఉండదు. పర్షియన్ కవులకి ప్రేయసి అంటే చందమామ లాంటి ముఖం, వర్ణించడానికి పనికొచ్చే వస్తువు. మనవాళ్లూ తక్కువేం కాదు, చంద్రబింబం అనడం మొదలుపెట్టి ఎన్ని వందల ఏళ్లయిందో. ఇక్కడ ఆ చందమామే 'నేను' అంటుంది. పాట చిన్నది, ఆర్భాటం లేదు. క్లాప్టన్ లైలా మోత విన్న చెవులకి మొదటిసారి చప్పగా అనిపించొచ్చు. మూడోసారికి దిగుతుంది.

ఇక నాలుగో భాగంలో రెండో పాట. 'సోల్ స్వీట్ సాంగ్'. ఇది కోఫీని తలుచుకుంటూ చేసింది. దీన్ని రాసినవాళ్లలో గేబ్ డిక్సన్ ఉన్నాడు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పోయినాయన కుర్చీలోకి వచ్చినవాడు, ఆయనే కూర్చున్న చోట కూర్చుని, ఆయన మీద పాట కట్టాడు. ఇంటికొచ్చిన కొత్త కోడలు గోడ మీది అత్తగారి ఫొటోకి తానే దండ మార్చినట్టు. ఏడుపు పాట అనుకుంటారేమో, కాలు ఆడించేలా ఉంటుంది. ఇంకా ఇక్కడే ఉన్నావు, వినిపిస్తూనే ఉన్నావు అనే ధోరణి. నాకు మొత్తం 24లోనూ ఇదే ముందు. పత్రికలవాళ్లు టైటిల్ పాట గురించే ఎక్కువ రాస్తారు, రాయనివ్వండి.

గిటార్ గురించి చెప్పకపోతే కాలమ్‌కి అర్థం లేదు కాబట్టి అక్కడికొస్తున్నా. డెరెక్ వాయించేది స్లైడ్ గిటార్. ఎడమ చేతి ఉంగరం వేలికి చిన్న గాజు గొట్టం తొడుగుతాడు. తీగని మెట్టు మీద నొక్కడు, గాజుని తీగ మీద జారుస్తాడు. మన గోటువాద్యం చూసినవాళ్లకి వెంటనే తెలుస్తుంది, కర్రతో తీగ మీద జారుస్తూ గమకం పలికించే వాద్యం. అదే సూత్రం. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఖాళీ అంతా వాద్యకారుడి సొంతం. ఎక్కడ ఆపాలో చెవి చెప్పాలి, మెట్టు చెప్పదు. కుడి చేతిలో పిక్ కూడా ఉండదు, ఒట్టి వేళ్లు. కాలి కింద పెడల్స్ వరస ఉండదు. గిటార్‌లోంచి తీగ నేరుగా యాంప్లిఫయర్‌లోకి. ఆయన పాడడు, స్టేజీ మీద పెద్దగా మాట్లాడడు కూడా.

ఈ గోటువాద్యం పోలిక ఊరికే తెచ్చింది కాదు. డెరెక్ మన హిందుస్తానీ సంగీతం కూర్చుని నేర్చుకున్నవాడు. కాలిఫోర్నియాలో సరోద్ ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ పెట్టిన కాలేజీలో. 2006లో తెచ్చిన 'సాంగ్‌లైన్స్' ఆల్బమ్‌లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీని గిటార్ మీద పలికించాడు. జాక్సన్‌విల్‌లో ఇంటి వెనక కట్టుకున్న స్టూడియో పేరేంటో తెలుసా? 'స్వాంప్ రాగ'. చిత్తడి నేలల రాగం. ఈ ఆల్బమ్ తయారైంది అక్కడే. పాలకొల్లు కుర్రాడు యు.శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని కర్ణాటక సంగీతానికి లొంగదీసినట్టు, ఈయన అటు నుంచి ఇటు ఒక అడుగు వేశాడు. ఇద్దరిదీ బాల మేధావి కథే, అందుకే గుర్తొచ్చింది.

ఈ ఆల్బమ్‌లో డెరెక్ గొప్పతనం ఎక్కడుందంటే, ఆయన వాయించని చోట. ప్రపంచంలో ఉన్న మంచి స్లైడ్ వాద్యకారుల్లో ఒకడు పక్కన పెట్టుకుని, పాట మూడొంతులు అయ్యేదాకా వెనకాల చిన్న చిన్న పలుకులు వేస్తూ కూర్చుంటాడు. సూసన్ ఒక చరణం పాడి ఆపిన చోట, ఆమె గొంతు ఎక్కడ వదిలిందో అక్కడే పట్టుకుని పైకెళ్తాడు. అంతసేపు ఆగి వస్తాడు కాబట్టి ఆ రాకకి ఒళ్లు జలదరిస్తుంది. హీరో ఎంట్రీ ఇంటర్వెల్ ముందు పెట్టిన డైరెక్టర్‌కి తెలిసిన కిటుకే ఇది.

విప్పి వాయించిన చోటు కావాలంటే మొదటి భాగం చివర్లో 'పసాక్వాన్' ఉంది. మాటల్లేని పన్నెండు నిమిషాల వాద్యం. జార్జియా రాష్ట్రంలో ఒక చిత్రకారుడు గోడలూ గేట్లూ అన్నిటికీ రంగులు వేసి కట్టుకున్న విచిత్రమైన చోటు పేరది. ఇద్దరు డ్రమ్మర్లు ఒకరినొకరు అడుగుతూ చెబుతూ పోతుంటే, కొత్తగా వచ్చిన బ్రాండన్ బూన్ కింద నేల చదును చేస్తుంటాడు. ఆల్‌మన్ బ్రదర్స్ వాసన స్పష్టంగా తెలుస్తుంది. చెప్పుకోవడానికి మొహమాటపడని వారసత్వం.

అన్నీ ఇంత బాగున్నాయా అంటే లేవు. రెండో భాగంలో నడుమ రెండు పాటలు ఏ ఆల్బమ్‌లోనైనా ఇమిడిపోయేవి, ఈ కథకి వాటితో పని లేదు. మూడోదీ నెమ్మదిగా కదులుతుంది, చివర్లో సూసన్, మ్యాటిసన్ కలిసి పాడిన 'టేక్ మీ యాజ్ ఐ యామ్' వచ్చి నిలబెడుతుంది. బుర్రకథలా మొదటి నుంచి చివరిదాకా లైలా కథ చెబుతారనుకుంటే నిరాశే. కథ అక్కడక్కడా తొంగి చూస్తుంది, మిగతాదంతా వీళ్ల సొంత గొడవ. నాలుగు భాగాలుగా ఎందుకు విడగొట్టారంటే, పాత ఎల్పీ రికార్డులు ముప్పావు గంట లోపే ఉండేవి, ఒక కూర్పులో వినేవారు, ఆ అలవాటు కోసం. ఆ ఆలోచన నాకు నచ్చింది. ఒక్కో భాగానికీ ఒక సినిమా కూడా తీశారు, వాళ్ల ఛానెల్లో ఉంది.

ఇంకో విషయం. ఈ బ్యాండ్ 2019 ఆగస్టులో, కోఫీ పోయిన ఆరు నెలలకి, వర్జీనియాలో ఒక ఫెస్టివల్లో క్లాప్టన్ 'లైలా' ఆల్బమ్‌ని వరసగా వాయించేసింది. ముందు ఎవరికీ చెప్పలేదు. అది 2021లో రికార్డుగా కూడా వచ్చింది. అది విని, వెంటనే 'ఐ యామ్ ద మూన్' వింటే తేడా తెలుస్తుంది. మొదటిదాంట్లో గొప్ప వాద్యకారులు ఒక పెద్దాయన పాటకి దండం పెడుతున్నారు. రెండోదాంట్లో ఆ పెద్దాయనని కూర్చోబెట్టి, మీరు ఒకవైపే చెప్పారండీ అంటున్నారు. అదీ ఆ రికార్డు పుట్టినరోజునే పుట్టిన ఆడమనిషి గొంతుతో.

రెండు గంటలు ఎవరికుంది అంటారా? మూడు పాటలు చెబుతా. ముందు 'సోల్ స్వీట్ సాంగ్'. దాని వెంటనే 'ఐ యామ్ ద మూన్', రెండింట్లోనూ గేబ్ చెయ్యి ఉందని గుర్తుపెట్టుకుని. 'పసాక్వాన్' మాత్రం దాచుకోండి, ఎప్పుడైనా రాత్రి బస్సులో కిటికీ సీటు దొరికినప్పుడు. ఫోన్ స్పీకర్‌లో వద్దు ప్లీజ్, ఇద్దరు డ్రమ్మర్లున్నారు.